హబీబాకు తగిన వాక్యం

1961 మే 4, బెళుగుప్ప

హబీబా నిన్న పుట్టింటికి పోయింది. పోనీ. పెళ్ళయిన ఇన్నేళ్ళకు ప్రశాంతంగా కూర్చుని చదువుకునే ఇల్లు నాకు దొరికింది. గ్రంథాలయం తాళంచెవి నా మొలకే ఉంది. ఎండలకు జడిసి పాఠకులెవరూ గడప తొక్కడం లేదు. బీరువాల్లో పుస్తకాలన్నీ నావే అనుకున్నా అడిగేవాడు లేడు. ఖాజా హుస్సేన్ అనే గ్రంథపాలకుడికి అల్లా స్వయంగా మంజూరు చేసిన సెలవు ఇది.

ఈ ఎండాకాలం, రాబోయే వానకాలం చదవవలసినవి ముందే అనుకుని పెట్టుకుంటున్నాను. జనానికి చదివి వినిపించినవి కూడా ఈసారి నాకోసం మళ్ళీ చదువుతాను. మొదట ‘గోదారి గట్టున గులాబీ మేడ’. మూడు సంపుటాలు. మొదటి పేజీలో మొదలైన వాన మూడో సంపుటం దాకా తెరిపి ఇవ్వదు. కోస్తా రచయితలకు నీళ్ళు ఉచితం. నాయిక ఏడ్చినా వానే, నవ్వినా వానే, పెళ్ళిచూపులకూ వానే. మా ఊళ్ళో ఎవరికైనా ఈ నవల ఇస్తే కథ వదిలేసి, ఆ నీళ్ళన్నీ ఎక్కడికి పోయాయని అడుగుతారు. దాని తర్వాత ‘ఏడో మెట్టు మీద హంతకుడు’. హంతకుడెవరో నాకు ముందే తెలుసు. ఎవరో మహానుభావుడు అట్ట వెనకాల పెన్సిలుతో ‘వంటవాడు’ అని రాసి పుణ్యం కట్టుకున్నాడు. అయినా మళ్ళీ చదువుతాను. ఆ పైన ‘ఆత్మకు అరవై జాబులు’. ఇంతవరకు ఒక్క పాఠకుడూ ఇంటికి తీసుకుపోలేదు, మడతల్లో అతికి ఉన్న పేజీలు కూడా ఇంకా కోయలేదు. వానలు పడితే జనం చేలకు పోతారు, పడకపోతే బళ్ళారికి వలస పోతారు. రెండు విధాలా ఆత్మను పట్టించుకునే నాథుడు లేడు కాబట్టి ఆ పని నేనే చూసుకోవాలి.

నచ్చిన వాక్యాలు ఇందులోనే ఎత్తి రాసుకుంటాను. ఇవాళ్టిది, గులాబీ మేడ నుంచి: “ఒంటరివాడు రాజు, తోడున్నవాడు సామంతుడు.” ఎంత గొప్ప మాట. రాజుగారు ఇప్పుడు లేచి పొయ్యి ముట్టించుకోవాలి.

మే 5

అన్నం మాడింది. రాజ్యం అన్నాక ఇలాంటివి మామూలే.

మే 8

జరిగింది జరిగినట్టు రాసి పెట్టుకోవడం మంచిది. నా తప్పు లేదని నాకు అప్పుడప్పుడు గుర్తు చేసుకోవాలనిపిస్తోంది.

నాలుగేళ్ళ కిందట మా అత్త మేరాజ్ బీ చనిపోయింది. ఆమెను మట్టిలో పెట్టి మేం ఇంటికి వచ్చేసరికి హబీబా గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. కళ్ళలో చుక్క నీళ్ళు లేవు. మనిషి రాయిలాగా అయిపోయింది. నేను పక్కన కూర్చుని, “మీ అమ్మ ఎక్కడికీ పోలేదు హబీబా. ఇల్లు మారి నీ గొంతులోకి వచ్చింది” అన్నాను. అప్పుడు ఏడ్చింది. ఆ మాటను నగ దాచుకున్నట్టు దాచుకుంది. మా ఆయన ఇట్లన్నాడని పుట్టింటి ఊరు బత్తలపల్లెలో ఇంటింటికీ చెప్పుకుంది. ఇన్నేళ్ళూ కోడిని అదిలించినా, కూరగాయలామెతో బేరమాడినా, మధ్యలో ఆగి ఒకసారి గొంతు తడుముకునేది.

కిందటి నెల గ్రంథాలయం అరుగు మీద సాయంత్రాలు ‘సువర్ణలేఖ శపథం’ చదివి వినిపించాను. మగవాళ్ళు అరుగు మీద కూర్చుంటారు, ఆడవాళ్ళు పిట్టగోడకు అవతల కూర్చుని వింటారు. పదకొండో ప్రకరణంలో వీరభూపతి అనే పరమ దుర్మార్గుడు తల్లి పోయిన జమీందారు కూతుర్ని ఓదారుస్తాడు. ఒక చేత్తో కన్నీళ్ళు తుడుస్తూ, రెండో చేత్తో ఆమె మొలనున్న ఇనప్పెట్టె తాళంచెవి లాగుతూ ఏమంటాడంటే, “మీ అమ్మ ఎక్కడికీ పోలేదు సువర్ణా. ఇల్లు మారి నీ గొంతులోకి వచ్చింది.”

ఆ మాట ఆ పుస్తకంలోదని నేను మరిచేపోయాను. ధాటిగా చదువుకుంటూ పోతుంటే నోట్లోంచి వచ్చేసింది. గోడకు అవతల గాజుల చప్పుడైంది. ఎవరో లేచి పోయారు. ఎవరో నాకు తెలుసు, అయినా ప్రకరణం పూర్తి చేశాను. సగంలో ఆపితే జనం ఊరుకోరు.

ఇంటికి పోతే హబీబా ఒకటే అడిగింది. “మా యమ్మ సచ్చిపోయిన పొద్దు గూడా నీకు నీ మాట ఒగటి రాలేదా?”

“మంచి మాటకు యజమాని ఉండడు, వినేవాళ్ళే ఉంటారు” అన్నాను.

“ఇది యా పుస్తకంలోది?” అంది.

చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. ఆ తర్వాత ఆమె నాతో మాట్లాడలేదు. మొన్న మూడో తేదీన ట్రంకుపెట్టె సర్దుకుంది. “నీ నోట్లో నీ మాట పుట్టిన పొద్దు వచ్చి పిల్చు” అని బస్సెక్కింది.

ఇందులో నా తప్పు ఎక్కడుంది? దుర్మార్గుడు అన్నంత మాత్రాన మంచి వాక్యం చెడిపోతుందా? నిజానికి ఆ నవలలో బాగా మాట్లాడేది వీరభూపతి ఒక్కడే. నాయకుడు మొదట్నుంచి చివరిదాకా గుర్రం మీదే ఉంటాడు, దిగి ఒక్క మంచి మాట అనడు.

మే 12

పక్కింటి అక్కమ్మ సంగటి, చెనిక్కాయల చట్నీ తెచ్చి గడపలో పెట్టింది. ఊరంతా తెలిసిన సంగతే మళ్ళీ అడిగింది.

“ఏమప్పా ఖాజా, మీ ఆమె యాడ?”

“పుట్టింటికి పోయింది. నాలుగు దినాలుండి వస్తాది.”

“నీ గడ్డం చూస్తే అట్ల లేదే. ఏం చేస్తాండావు ఇంట్లో?”

“చదువుకుంటాండా.”

“దాంట్లో ఏమన్నా రాసుండారా, పెండ్లాం పోతే ఏం చేయాల్నో?”

రాయకేం, చాలామంది రాశారు. నదిలో దూకమన్నవాళ్ళు ఇద్దరు, హిమాలయాలకు పొమ్మన్నవాడు ఒకడు, మిగతా అందరూ ఇంకో పెళ్ళి చేసుకోమన్నవాళ్ళే. పెన్నలో దూకితే ఇసుకలో మోకాళ్ళు విరగడం తప్ప ప్రయోజనం లేదు. హిమాలయాలకు మా ఊరి నుంచి బస్సు లేదు. ఇంకో పెళ్ళి మాట నేను అక్కమ్మతో అనలేదు, సంగటి గిన్నె వెనక్కి తీసుకుపోతుందని.

మే 15

పొద్దున ఒక మబ్బు వచ్చింది. సభ్యత్వం లేని పాఠకుడిలాగా నాలుగు దిక్కులూ చూసి వెళ్ళిపోయింది. గులాబీ మేడ రెండో సంపుటంలో వరద వచ్చి నాయిక తమ్ముడు కొట్టుకుపోయాడు. నాకు జాలి కలగలేదు. అసూయ కలిగింది.

మే 17

మా ఊరి మీదుగా తిరిగే బస్సులో కండక్టరు కుళ్ళాయప్ప ఇవాళ గ్రంథాలయంలోకి వచ్చాడు. వాడిది బత్తలపల్లె, మా మామ జమాల్ సాబ్ ఇంటి వీధే. చదవడానికి రాలేదని ముఖం చూడగానే తెలిసింది.

“ఖాజన్నా, మీ మామ ఒక మాట చెప్పమన్నాడు.”

“చెప్పు.”

“పీర్ల పండగ లోపల నువ్వే వచ్చి పిల్చుకోని పోవాలంట. పండగ దాటితే పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి తెగతెంపులు చేసుకుంటాడంట. బిడ్డకు ఇష్టం లేకపోతే మాత్రం నువ్వొచ్చినా పంపడంట.”

“ఆమె ఏమనింది?”

“ఏమీ అనలేదన్నా. వాకిట్లో కాయలు ఒలుస్తాండె, నేను వచ్చేటప్పుడు గూడా ఒలుస్తానే ఉండాది.”

తెగతెంపులు. ఈ మాట నవలల్లో ఎన్నోసార్లు చదివాను. అక్కడైతే ఆ మాట వినబడగానే ఉరుము ఉరుముతుంది, దీపం ఆరిపోతుంది. ఇక్కడ కుళ్ళాయప్ప టిక్కెట్ల సంచి భుజానికి తగిలించుకుని బీడీ ఉందా అని అడిగాడు. లేదన్నాను. వాడు పోయినాక చాలాసేపు తలుపు మూయడం మరిచిపోయాను, దుమ్మంతా లోపలికి వచ్చింది.

మే 18

నేను పోను. నా తప్పు లేదు.

మే 19

పోతే ఏం చెప్పాలి?

మే 24

హబీబాకు తగిన వాక్యం కోసం బీరువాల్లో పుస్తకాలన్నీ కిందికి దించాను. సొంత మాట కావాలంది కదా. సొంత మాట అంటే ఎలా ఉండాలో పెద్దలెవరో ఒకరు రాసే ఉంటారు.

గులాబీ మేడలో ఒకటి దొరికింది. “నీవు లేని ఈ ఇంట గోడలు నాలుగు, నేను ఐదవ గోడను.” చాలా బాగుంది. కానీ మా వెనక గోడ రెండేళ్ళ కిందటే కూలింది. బాగు చేయించమని హబీబా మొత్తుకుంటూనే ఉంది. గోడల ఊసు ఎత్తితే సంభాషణ వేరే దారి పడుతుంది. “నీ అడుగుల సవ్వడికై నా గుమ్మం చెవి ఒగ్గినది” అనేది ఇంకొకటి. హబీబా నడిస్తే సవ్వడి రాదు. నన్ను కసురుకుంటే వస్తుంది. ఏడో మెట్టు హంతకుడు తన భార్యతో, “నిన్ను తప్ప అందరినీ చంపగలను” అంటాడు. ప్రేమ ఉన్న వాక్యమే, కాకపోతే మామ ఎదురుగా అనడం కష్టం. చివరికి బ్లేడు తెచ్చి ‘ఆత్మకు అరవై జాబులు’ పేజీలు కోశాను. “భార్య యనునది భ్రమ” అని ఉంది. ఇంతకాలం ఎవరూ ఎందుకు తీసుకుపోలేదో తెలిసింది. మళ్ళీ బీరువాలో పెట్టి తాళం వేశాను.

కలువ కళ్ళ గురించి రాశారు, హంస నడక గురించి రాశారు. ఎడమ కనుబొమ మీద కట్టె తగిలిన మచ్చ ఉండి, అబద్ధం విన్నప్పుడు ఆ కనుబొమ ఒక్కటే పైకి లేపే ఆడమనిషి గురించి ఇన్ని బీరువాల్లో ఒక్కడూ రాయలేదు. ఇది రచయితల లోపం. నేను ఏం చేయగలను?

మే 27

కుళ్ళాయప్పకు ఒక వాక్యం నేర్పి పంపాను. “నీవు లేని బ్రతుకు చంద్రుడు లేని పున్నమి.” బస్సు కదిలేదాకా కిటికీ పక్కన నిలబడి వల్లె వేయించాను. డ్రైవరు కూడా నేర్చుకున్నాడు. ముందు జాగ్రత్తగా అది ఏ పుస్తకంలోదో ఎవరికీ చెప్పలేదు.

మే 29

కుళ్ళాయప్ప అక్షరం పొల్లుపోకుండా చెప్పాడట. హబీబా అంతా విని, “ఎన్నో పేజీ?” అని అడిగిందట. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు ఒకటే నవ్వట.

“నేను గూడా నవ్వినానన్నా. ఆపుకోలేకపోతి” అన్నాడు. వీడు నా దూత.

నూట పన్నెండో పేజీ.

జూన్ 2

ఇవాళ విన్నది మాత్రం సహించరానిది.

మా మామ వాకిట్లో విత్తనం ఒలుపు సాగుతోంది. వానల ముందు ఏటా ఉండేదే. మిల్లులో వేస్తే పప్పు పగిలి మొలవదని, విత్తనం వేరుశనగ ఎవరైనా చేత్తోనే ఒలిపిస్తారు. వీధిలో ఆడవాళ్ళంతా కుప్ప చుట్టూ కూర్చుంటారు. ఒకామె కథ చెబుతుంటే మిగతావాళ్ళు వింటూ ఒలుస్తారు. ఈసారి కథలు చెప్పేది హబీబానట. చెప్పేవన్నీ నేను అరుగు మీద చదివిన నవలలేనట. అదైనా ఉన్నదున్నట్టు చెబుతోందా అంటే, లేదు.

గులాబీ మేడలో వాన ఆపేసిందట. అంత వాన పడితే వేసిన విత్తనం కుళ్ళిపోదా అని రామాంజినమ్మ అనే ఆమె అడిగిందని, మూడు సంపుటాల వానను ఒక్క మాటతో తీసిపారేసింది. ‘సువర్ణలేఖ శపథం’లో నాయకుణ్ణి గుర్రం మీద నుంచి పడేసి మళ్ళీ వాడి సంగతే ఎత్తలేదట. తాళంచెవి మీద చెయ్యి వేసిన వీరభూపతి చేతిని సువర్ణలేఖ కొరికిందట. ఏడో మెట్టు మీద హంతకుడు వంటవాడు కాదట, ఇంటాయనేనట. “ఈ కథే బాగుండాదన్నా, నిజంగా” అన్నాడు కుళ్ళాయప్ప. వాడికి నేను ఇంకెప్పుడూ పుస్తకం ఇవ్వను. ఇదివరకు ఇచ్చిందీ లేదనుకో.

ఇది సాహిత్యానికి జరుగుతున్న అన్యాయం. గ్రంథపాలకుడిగా చూస్తూ ఊరుకోలేను. రేపు బత్తలపల్లె పోతున్నాను. హబీబా కోసం కాదు, ఆ సంగతి ఇక్కడ స్పష్టంగా రాసి పెడుతున్నాను. గడ్డం గీసుకున్నది కూడా సాహిత్యం కోసమే.

జూన్ 3, బత్తలపల్లె

బస్సులో దారి పొడవునా మూడు వాక్యాలు మననం చేసుకుంటూ వచ్చాను. పుస్తకాల్లోవే, కాకపోతే అక్కడొక మాట ఇక్కడొక మాట మార్చాను. హబీబా కనిపెట్టలేదనే ధైర్యంతోనే వాకిట్లోకి అడుగు పెట్టాను.

వాకిలి నిండా కాయల కుప్ప. చుట్టూ ఆడవాళ్ళు, ఒళ్ళో చేటలు. హబీబా కుప్పకు ఇవతల, నాకు వీపు చేసి కూర్చుని కథ చెబుతోంది. మామ మంచం మీద నుంచి నన్ను చూశాడు. రమ్మనలేదు, పొమ్మనలేదు. ఒక చేట నిండా కాయలు పోసి తెచ్చి నా ముందు పెట్టాడు.

“కూర్చోప్పా. విత్తనం కుప్ప కాడ చేతులు ఊరకుండగూడదు.”

అల్లుడికి ఇచ్చే మర్యాద అది. కూర్చుని ఒలవడం మొదలుపెట్టాను.

“ఆయప్ప దగ్గర ఒక పెట్టె ఉండాది,” అంటోంది హబీబా. “దాని నిండా ఊర్లోళ్ళ మాటలు దాచిపెట్టుకున్నాడు.”

“ఊఁ,” అన్నారు ఆడవాళ్ళు.

“పెండ్లానికి జరమొస్తే ఒక మాట తీసిస్తాడు. ఇంట్లో బియ్యం లేకపోతే ఇంకొక మాట తీసిస్తాడు.”

“ఊఁ.”

“శానా అందమైన మాటలు. ఒంటికి మాత్రం సరిపోవు. ఒగరి రవిక ఒగరు తొడుక్కున్నట్ల, ఏదో ఒక తావు బిగుతుగా ఉంటాది.”

రామాంజినమ్మ నా వైపు చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ కథ ఏ పుస్తకంలోదో నాకు మొదటి వాక్యానికే తెలిసింది. నా చెవులు కాలిపోతున్నాయి. సాహిత్యానికి జరిగిన అన్యాయం గురించి మాట్లాడదామని వచ్చినవాణ్ణి తల వంచుకుని కాయలు ఒలుస్తున్నాను.

“ఊఁ, ఆ తర్వాత ఏమాయ?” అంది రామాంజినమ్మ.

“ఆ తర్వాత నాకు తెలీదు. నా వెనకాల కూర్చోనుండాడు గదా, ఆయప్పనే చెప్పమనండి,” అంది హబీబా. తల మాత్రం తిప్పలేదు.

ఇక్కడ కథకు ఒక కట్టుబాటు ఉంది. వినేవాళ్ళు ఊఁ కొడితేనే కథ ముందుకు పోతుంది. ఊఁ ఆగిపోతే చెప్పేవాళ్ళు నోరు మూసుకోవాల్సిందే, ఎంతటివాళ్ళయినా సరే. నేను గొంతు సవరించుకుని మొదటి వాక్యం అన్నాను. కాయలు చిట్లే చప్పుడు తప్ప ఏమీ లేదు. రెండోది అన్నాను. ఒకామె చేట దులుపుకుంది. మూడోది సగం దాకా వచ్చేసరికి మామ మంచం మీద నుంచి, “అల్లుడా, బడిలో పాఠం ఒప్పజెప్పినట్ల ఉండాది” అన్నాడు.

ఆ తొట్రుపాటులో కాయ పొట్టు బొటనవేలి గోటి కింద గుచ్చుకుంది. “అమ్మా” అన్నాను.

“ఇది మాత్రం సొంతమే,” అంది రామాంజినమ్మ. అందరూ నవ్వారు. హబీబా భుజాలు కూడా కదిలాయి, నవ్వో ఏమో వెనక నుంచి తెలియలేదు. నా వేలి నుంచి రక్తం వస్తోంది. చెప్పడానికి ఇంకో వాక్యం నా దగ్గర లేదు. లేచి బస్సుకు పోదామనుకున్నాను. లేచానంటే ఇక మళ్ళీ ఈ వాకిట్లోకి రానని కూడా తెలుసు.

“మీ యమ్మ పోయిన పొద్దు నాకు ఏమనాల్నో తెలీలేదు,” అన్నాను. ఎవరూ ఊఁ అనలేదు. అయినా నోరు ఆగలేదు. “లోపల ఏమీ లేక కాదు. శానా ఉండె. నా తల్లి నాకు తెలీదు గదా. ఈ ఇంటికి అల్లుడిగా వచ్చినంకనే, ఇంకా రెండు ముద్దలు తిను, ఆ ఒంటికి యాడ సాలుతాదని నన్ను తిట్టే మనిషి దొరికింది. ఆమెను నా చేతుల్తో మట్టిలో పెట్టి వచ్చినా. నోరు తెరిస్తే ఏడుపొస్తాదని భయమాయ. నీకంటే ముందు నేను ఏడిస్తే, అల్లుడు ఏడుస్తాండాడు చూడండ్రా అంటారేమోనని సిగ్గాయ. యాడో చదివిన మాట ఒగటి అడ్డం పెట్టుకున్నా. ఆ మాట నీ కోసం కాదు హబీబా. నా ఏడుపు కనపడకుండా ఉండేదానికి.”

చేతులన్నీ ఆగిపోయాయి. రామాంజినమ్మ ఊఁ అనబోయి, హబీబా వైపు చూసి ఆగింది. మామ తువ్వాలుతో ముఖం తుడుచుకుని, అట్లాగే ముఖం మీద పెట్టుకుని ఉండిపోయాడు. పుస్తకం చేతిలో లేకుండా ఇంత పొడుగు మాట నేను జన్మలో అనలేదు. అన్నాక తెలిసింది, నేను ఏడుస్తున్నానని.

“ఊఁ,” అంది హబీబా.

లేచి వెనక్కి వచ్చి నా చేట పక్కన కూర్చుంది. నా వేలు చూసి కొంగు చివర చించి కట్టింది. నేను ఒలిచిన పప్పుల్లో పగిలినవన్నీ ఏరి పారేసింది. పారేయగా మిగిలినవి చాలా తక్కువ.

“కుప్ప అయిపోయినాక పోదాం,” అంది మెల్లగా. “అంతదాకా చెప్పు. నేను వచ్చినాక ఆ ఇంట్లో ఏమాయ?”

పొద్దు గూకితే ఒంటరిగా లోపలికి పోవడానికి భయమేసిందని చెప్పాను.

“ఊఁ,” అంది.